అరేబియా ఎడారి : నేల, నీరు, చమురు

గల్ఫు అనే మాట నేడు తెలుగు నాట వింత మాట కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు పల్లెలలోను, కడప, గోదావరి జిల్లాలలోను ఆ మాట వినపడని ఊరు అరుదు. హైదరాబాదు విషయంలో ఈ సంబంధం ఇంకా పాతది. బార్కస్‌లో నేటికీ నివసించే చావుష్ కుటుంబాల పూర్వీకులు నిజాం సైన్యంలో కొలువు చేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ సీమనుండి వచ్చినవారు. నాడు వారు ఇక్కడికి వచ్చారు. నేడు మనవారు అక్కడికి పోతున్నారు. ఇన్ని రాకపోకలున్నా ఆ నేలను గురించి మనకు తెలిసినది ఇసుక, ఎండ, చమురు అనే మూడు మాటలతో ముగిసిపోతుంది. ఆ దేశాల చరిత్రను నిన్నటి వరకు నడిపినది, రేపు నడపబోయేది నీరు. ఈ వ్యాసంలో నేను ప్రధానంగా చెప్పదలచినది దానిని గురించే. అయితే నేల తెలియనిదే నీరు తెలియదు గనుక అక్కడినుండే ప్రారంభిస్తాను.

అరేబియా ద్వీపకల్పం వైశాల్యం సుమారు 32 లక్షల చదరపు కిలోమీటర్లు. ఇంచుమించు మన భారతదేశమంత. పడమర ఎర్ర సముద్రం, దక్షిణాన ఏడెన్ సింధుశాఖ, అరేబియా సముద్రం, తూర్పున పర్షియా సింధుశాఖ దీనికి హద్దులు. ఇందులో మూడింట రెండు వంతులు సౌదీ అరేబియాదే. మిగిలిన భాగం యెమెన్, ఒమాన్, ఐక్య అరబ్ ఎమిరేట్లు, ఖతర్, కువైట్ దేశాలది. బహ్రెయిన్ తీరానికి చేరువలోని ద్వీపరాజ్యం. ఈ భూభాగం ఒకప్పుడు ఆఫ్రికాతో కలిసి ఉండేది. సుమారు 3 కోట్ల సంవత్సరాల క్రితం నేల చీలడం మొదలై, ఆ చీలికే కాలక్రమాన ఎర్ర సముద్రమైనది. చీలిక అంచున నేల పైకి లేచినందువలన పడమటి వైపంతా పర్వతాలు. అక్కడినుండి తూర్పునకు పోను పోను నేల మెల్లగా వాలి సింధుశాఖ ఒడ్డున సముద్రమట్టానికి దిగుతుంది. యెమెన్‌లోని జబల్ అన్నబీ షుఐబ్ శిఖరం 3,660 మీటర్లకు పైబడినది. ద్వీపకల్పంలో ఇంతకు మించిన ఎత్తు లేదు.

పడమటి భాగంలో బయటపడి ఉన్నవి అతి ప్రాచీనమైన స్ఫటిక శిలలు. మన తెలంగాణ గుట్టలలో కనిపించే గ్రానైటు వంటివి. తూర్పు భాగంలో ఈ శిలలమీద సున్నపురాయి, ఇసుకరాయి పొరలు పొరలుగా, కొన్నిచోట్ల వేల మీటర్ల మందాన, పేరుకొని ఉన్నవి. ఈ పొరలను విద్యార్థులు గుర్తుంచుకోవలెను. ఆ దేశాల చమురు, ఆ దేశాల భూగర్భజలం రెండూ వీటిలోనే ఉన్నవి.

ఎడారి అంటే ఇసుక దిబ్బలే అనుకోవడం సినిమాలు నేర్పిన పొరపాటు. అరేబియాలో ఇసుక పరచుకొన్నది సుమారు మూడవ వంతు నేలమీద మాత్రమే. తక్కినది గులకరాళ్ల మైదానం, అగ్నిపర్వతాల లావా గడ్డకట్టిన నల్లని రాతినేల, తీరం వెంట ఉప్పు పొరలుగా తేలే చవిటి పర్రలు. ఇసుకలో పెద్దభాగం ఉత్తరాన నఫూద్‌లోను, దక్షిణాన రుబ్ అల్ ఖాలీలోను ఉన్నది. ఈ రెండింటినీ దహ్నా అనే సన్నని ఇసుకపట్టీ సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున విల్లువలె వంగి కలుపుతుంది. రుబ్ అల్ ఖాలీ అంటే 'ఖాళీగా ఉన్న నాల్గవ భాగం'. మనం ఇంట్లో పలికే 'ఖాళీ' ఈ అరబ్బీ మాటే. దీని వైశాల్యం సుమారు 6,50,000 చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా దీనిలో సగానికి చాలవు. ప్రపంచంలో ఎడతెగకుండా పరచుకొన్న ఇసుక ఎడారులలో ఇదే పెద్దది. 1930-31లో బెర్ట్రామ్ థామస్ అనే ఆంగ్లేయుడు దీనిని దాటి ప్రసిద్ధికెక్కాడు. ఆయనకు దారి చూపిన బదూలకు మాత్రం ఆ బావులు, ఆ బాటలు తాతలనాటినుండి తెలిసినవే.

మూడువైపులా సముద్రం ఉండగా అక్కడ వర్షం ఎందుకు పడదు? ప్రతి సంవత్సరం తరగతిలో ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది, మంచి ప్రశ్న. వర్షానికి సముద్రం సమీపాన ఉంటే చాలదు. తేమగల గాలి పైకి లేచి చల్లబడవలెను. భూమధ్యరేఖ వద్ద వేడెక్కి పైకి లేచిన గాలి అక్కడ వానలు కురిపించి, తన తేమను పోగొట్టుకొని, ఉత్తర దక్షిణాలకు సాగి, 20-30 డిగ్రీల అక్షాంశాల నడుమ మరల కిందికి దిగుతుంది. దిగే గాలి అణగి వేడెక్కుతుంది. వేడెక్కిన గాలిలో మేఘం నిలువదు. కర్కటరేఖ సరిగా మక్కా మదీనాల మధ్యగా, రియాద్‌కు దక్షిణంగా పోతున్నది. అనగా ద్వీపకల్పంలో అధికభాగం ఈ దిగుడు గాలి కిందనే ఉన్నది.

అట్లయితే అదే అక్షాంశంమీద ఉన్న భోపాల్‌లో, కలకత్తాలో వానలు ఎట్లా పడుతున్నవి? నైరుతి ఋతుపవనం పుణ్యమా అని. ఆ గాలి అరేబియా తూర్పు తీరాన్ని పక్కనుండి రాసుకొనిపోయి మనవైపు వస్తుంది. దాని కొంగు ముఖ్యంగా తగిలేది ఒమాన్ దక్షిణాన గల ధోఫార్ కొండలకు. జూన్‌నుండి సెప్టెంబరు వరకు సలాలా పట్టణం చుట్టుపక్కల మంచుతుంపర కురిసి కొండలు పచ్చగా మారుతాయి. ఆ కొండల వెనుక పొడినేలలో పెరిగే చెట్ల బంకే ప్రాచీన ప్రపంచం బంగారంతో సమానంగా చూచిన సాంబ్రాణి జాతి ధూపద్రవ్యం. 'మాన్‌సూన్' అనే ఇంగ్లీషు మాటకు మూలం అరబ్బీలో ఋతువును చెప్పే 'మౌసిమ్'. మన వానకు పేరు పెట్టినవారికి ఆ వాన దక్కలేదు. అంతేకాదు, మన ఋతుపవనంలో పైకెగసిన వేడి ప్రభావంవలన పశ్చిమాసియామీద, తూర్పు సహారామీద గాలి మరింతగా కిందికి దిగుతుందని రాడ్‌వెల్, హాస్కిన్స్ అనే శాస్త్రజ్ఞులు 1996లో ప్రతిపాదించారు.

అంకెలలో చూస్తే రియాద్‌లో సంవత్సరానికి పడే వర్షం సుమారు 100 మిల్లీమీటర్లు. రుబ్ అల్ ఖాలీలో 50కి లోపు. కొన్నిచోట్ల వరుసగా కొన్నేళ్లు చుక్క పడదు. కరవుకు మారుపేరైన మన అనంతపురంలో సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లని గుర్తు చేసుకొంటే ఈ అంకెల అర్థం బోధపడుతుంది. పడినప్పుడు మాత్రం ఆ వాన ప్రాణాలు తీస్తుంది. నీటిని పీల్చుకొనే మట్టి, ఆపే చెట్టు లేనందున ఎండిన వాగు గంటలో ఏరవుతుంది. 2009 నవంబరు 25న జిద్దాలో వరద వచ్చి వందమందికి పైగా మరణించారు. 2024 ఏప్రిల్ 16న ఎమిరేట్లలోని అల్ ఐన్ ప్రాంతంలో ఒకచోట ఒక్కరోజు గడవకముందే 254 మిల్లీమీటర్ల వర్షం కురిసినది. 1949లో అక్కడ వాతావరణ లెక్కలు వ్రాయడం మొదలైనప్పటినుండి అటువంటి వాన లేదు.

ఎండ సంగతి మన యువకులు అందరికంటె బాగా తెలుసుకోవలసినది. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులై 21న నమోదైన 53.9 డిగ్రీలు ఆసియా ఖండపు అత్యధిక ఉష్ణోగ్రతలలో ఒకటి. కాని అంకె ఒక్కటే చూడరాదు. రియాద్‌ది పొడి ఎండ; చెమట పట్టిన వెంటనే ఆరిపోయి ఒంటిని చల్లబరుస్తుంది. దోహా, దమ్మామ్, దుబాయిలు నిస్సారమైన లోతుగల వెచ్చని సముద్రం ఒడ్డున ఉన్నవి. అక్కడ గాలిలో తేమ నిండి ఉన్న రోజున చెమట కారుతుందే గాని ఆరదు. శరీరం లోపలి వేడి బయటికి పోయే దారి మూసుకొంటుంది. 42 డిగ్రీల తేమ ఎండ 48 డిగ్రీల పొడి ఎండకంటె ప్రమాదకరం కావడం ఇందువలననే. ఎండాకాలంలో మధ్యాహ్నవేళ ఆరుబయట పని చేయించరాదని ఆ దేశాలలో చట్టాలున్నవి. ఖతర్‌లో 2021లో ఆ వేళను పెంచి, జూన్ 1నుండి సెప్టెంబరు 15వరకు ఉదయం 10నుండి మధ్యాహ్నం 3.30దాకా చేసినారు. అక్కడికి వెళ్లే ప్రతి కూలీ వీసా కాగితంతో పాటు ఈ గంటలను కూడ తెలుసుకొని వెళ్లవలెను. దప్పిక లేకపోయినా నీరు తాగవలెనని, తల తిరిగి చెమట ఆగినచో అది వడదెబ్బ అని, క్షణం ఆలస్యం చేయరాదని ఇంట్లో చదువుకొన్నవారు చెప్పి పంపవలెను.

ఇటువంటి నేలపైనను బ్రతుకు సాగినది, వేల సంవత్సరాలు సాగినది. ఒంటె మూపురంలో ఉన్నది నీరు కాదు, కొవ్వు. దాని అసలు సామర్థ్యం పగటి వేడికి శరీరోష్ణాన్ని కొన్ని డిగ్రీలు పెరగనిచ్చి చెమటను ఆదా చేయడంలోను, నీరు దొరికినప్పుడు ఒక్క పావుగంటలో నూరు లీటర్లదాకా తాగగలగడంలోను ఉన్నది. ఎడారి చెట్లలో ఎమిరేట్ల జాతీయవృక్షం పేరు 'గాఫ్'. వేళ్లను ఎంతో లోతుకు దింపి, వాన లేని ఏళ్లలోను పచ్చగా నిలుస్తుంది. ఇది మనకు పరాయి చెట్టు కాదు. దసరానాడు పూజించే మన జమ్మిచెట్టే అది. తెలంగాణ రాష్ట్రవృక్షమూ అదే.

నీటి విషయంలో ఆ ప్రజల నేర్పుకు సాక్ష్యం ఒమాన్‌లోని ఫలజ్‌లు. కొండ పాదంలో లోతుగా బావి తవ్వి, నీటిమట్టం తగిలినచోటినుండి ఊరివైపు అతిస్వల్పమైన వాలుతో సొరంగం తొలుస్తారు. యంత్రం లేకుండ నీరు తనంతట తానే ఊరిలోకి పారి వస్తుంది. మొదట తాగునీటికి, తరువాత స్నానానికి, ఆపైన ఖర్జూరవనాలకు. పగలు నీడగడియారాన్ని, రాత్రి నక్షత్రాలను చూచి రైతులు వంతులు పంచుకొనేవారు. ఇటువంటివి సుమారు 3,000 ఒమాన్‌లో నేటికీ పారుతున్నవి; అందులో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. మక్కా యాత్రికుల దాహం తీర్చడానికి హారూన్ రషీద్ భార్య జుబైదా త్రవ్వించిన కాలువ కూడ ఈ నేర్పుకు చెందినదే. ఫలజ్‌లోని గొప్ప గుణం ఒకటి చెప్పవలెను. కొండలో వాన పడి ఊరినంతమేరకే అది ఇస్తుంది. దానినుండి అప్పు తీసుకోవడం సాధ్యం కాదు.

చమురుకు ముందు తూర్పు తీరపు సంపద ముత్యాలు. హైదరాబాదు నగలలో 'బస్రా ముత్యం' అని చెప్పుకొన్నవి ఈ సింధుశాఖలో మునిగి తీసినవే. జపాను సాగుముత్యాలు విపణిలోకి వచ్చి, 1930 తరువాత ఆ వృత్తి కుప్పకూలినది. సరిగ్గా ఆ కరవు రోజులలోనే చమురు బయటపడినది. అది బయటపడిన తీరు ఆసక్తికరమైనది. బహ్రెయిన్‌లో ఫ్రాంక్ హోమ్స్ అనే న్యూజిలాండ్ వాసి పాలకునికి మంచినీటి బావులు తవ్వి ఇచ్చి, ఆ మెప్పుతో 1925లో చమురు అన్వేషణ హక్కు సంపాదించాడు. అక్కడ 1932లో చమురు పడినది. సౌదీలో రాజు అబ్దుల్ అజీజ్‌కు కావలసినది నీరు. 1931లో అమెరికా ధనికుడు చార్లెస్ క్రేన్ తన ఇంజనీరు కార్ల్ ట్విచెల్‌ను నీటికోసం వెతకమని పంపాడు. హిజాజ్‌లో ఆశించినంత నీరు లేదని ట్విచెల్ తేల్చాడు. ఆ తరువాత తూర్పుసీమను పరిశీలించి అక్కడ చమురు ఉండవచ్చునన్నాడు. 1933లో ఒప్పందం కుదిరినది. దమ్మామ్‌లో వేసిన బావులు వరుసగా నిరాశ కలిగించగా, 1938 మార్చిలో ఏడవ బావి ఫలించినది. నీటికోసం వెదికినవారికి చమురు దొరికినది; వెదికిన నీరు మాత్రం అట్లాగే మిగిలినది.

చమురు పుట్టుకను క్లుప్తంగా చెప్పుకొందాం. సుమారు 15 కోట్ల సంవత్సరాల క్రితం తూర్పు అరేబియా టెథిస్ అనే వెచ్చని లోతులేని సముద్రం కింద ఉండేది. అందులోని సూక్ష్మజీవులు చచ్చి అడుగున బురదతో కలిసి పాతుకొని, పైపొరల బరువుకు, వేడికి చమురుగా మారినవి. ఆ చమురు పైకి పాకి సున్నపురాతి రంధ్రాలలో చేరినది. ఉప్పుసముద్రం ఇగిరి ఏర్పడిన గట్టి పొర దానిమీద మూతవలె నిలిచినది. పొరలు మెల్లగా వంగి పొడవాటి గుమ్మటాలైనచోట చమురు నిలిచిపోయినది. 1948లో కనుగొన్న ఘవార్ క్షేత్రం అటువంటి ఒకే ఒక్క గుమ్మటం. పొడవు సుమారు 280 కిలోమీటర్లు, అనగా హైదరాబాదునుండి విజయవాడకు గల దూరమంత. ఖతర్ తీరాన 1971లో కనుగొన్న సహజవాయు క్షేత్రం ఇరాన్ జలాలలోకి వ్యాపించి ప్రపంచంలోనే పెద్దదైనది. ఇతర ఖనిజాలకు కొదవ లేదు. 'బంగారు ఊయల' అనే అర్థంగల మహ్ద్ అద్ధహబ్‌లో ప్రాచీనకాలంనుండి బంగారం తీస్తున్నారు. ఉత్తరాన ఫాస్ఫేటు గనులున్నవి. మన రైతు చల్లే డి.ఏ.పి. ఎరువులో కొంత ఆ దేశంనుండి వచ్చేదే.

ఇప్పుడు నీటి కథకు వస్తాను. తూర్పు ఇసుకరాతి, సున్నపురాతి పొరలలో అపారమైన నీరు ఉన్నది. నేటి వానకు అంత నీరు ఎట్లా చేరినది? అది నేటిది కాదు. వేల సంవత్సరాల క్రితం అరేబియాలో వానలు కురిసిన యుగాలుండేవి. నేటి ఇసుకలో సరస్సులుండేవి. నఫూద్‌లో ఒక ఎండిన సరస్సు గట్టుమీద సుమారు 1,20,000 సంవత్సరాలనాటి మనిషి, ఏనుగు, ఒంటె అడుగుజాడలు దొరికినట్లు 2020లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ తడి యుగాలలో ఇంకిన నీరు పొరలలో నిలిచిపోయినది. దానిని శిలాజ జలం అంటారు. మన గ్రానైటు నేలలో బోరుబావి ఎండినా మంచి వాన పడితే మరుసటి ఏడు కొంత కోలుకొంటుంది. శిలాజ జలం తీస్తే తీసినంత తరుగే; చమురువలెనే అది గని.

1973 తరువాత చమురు ధరలు పెరిగి ధనం వచ్చినది. ఆహారంకోసం పరులమీద ఆధారపడరాదని సౌదీ ప్రభుత్వం గోధుమ సాగుకు పూనుకొన్నది. ఆ సంకల్పాన్ని నేను తప్పు పట్టను. ఆకలి తెలిసిన ఏ దేశమైనా అట్లాగే తలచును. లోతు బావులు తవ్వి, ఒక ఇరుసు చుట్టూ తిరిగే పొడవైన గొట్టాలతో నీరు చిమ్మి, ఎడారిలో గుండ్రని పచ్చని చేలు సృష్టించారు. గోధుమకు ప్రపంచ విపణి ధరకు అనేక రెట్లు ఇచ్చి ప్రభుత్వమే కొన్నది. 1980లో రెండు లక్షల టన్నులకు లోపు ఉన్న పంట 1992 నాటికి సుమారు 40 లక్షల టన్నులైనది. ఆ దేశం గోధుమ ఎగుమతి చేసినది! ఒక కిలో గోధుమ పండడానికి వెయ్యి లీటర్లకు తక్కువ నీరు పట్టదు. మరల రాని నీటిని ధాన్యం రూపంలో, నష్టానికి, ఓడలకు ఎక్కించి పంపినారన్నమాట. చేలకింద నీటిమట్టం ఏటేటా దిగజారినది. తూర్పున 25 లక్షల ఖర్జూర వృక్షాలతో ప్రపంచంలోనే పెద్దదైన అహ్సా ఒయాసిస్సులో తరతరాలుగా తమంతట తాము ఉబికిన ఊటలు ఆగిపోయి, నీటిని యంత్రాలతో తోడవలసి వచ్చినది. బహ్రెయిన్ ఊటలకు కూడ అదే గతి పట్టినది.

2008లో ప్రభుత్వం గోధుమ కొనుగోలును క్రమంగా తగ్గించ నిర్ణయించి, 2016లో మానివేసినది. ఆ తరువాత పరిమితంగానే సాగును అనుమతించినది. పశువుల మేత మాటేమి? సౌదీ పాడి సంస్థ ఒకటి 2014లో అమెరికాలోని అరిజోనా ఎడారిలో భూమి కొని, అక్కడి భూగర్భజలంతో గడ్డి పండించి ఓడలలో తెప్పించుకోసాగినది. ఒక ఎడారి దాహం మరొక ఎడారి బావిలోకి దిగినది.

ఇక పట్టణాల తాగునీటికి మిగిలినది సముద్రం. సముద్రజలాన్ని కాచి ఆవిరిని చల్లార్చడం ఒక పద్ధతి. అతిసూక్ష్మ రంధ్రాలుగల పొరగుండా ఒత్తిడితో నెట్టి ఉప్పును వడగట్టడం మరొకటి. సౌదీలోని రాస్ అల్ ఖైర్ కర్మాగారం ఒక్కటే రోజుకు పది లక్షల ఘనమీటర్లకు పైగా మంచినీరు తయారుచేయగలదు. సముద్రమట్టానికి 600 మీటర్ల ఎత్తున, 400 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న రియాద్‌కు ఆ తీరంనుండే గొట్టాలలో నీరు ఎక్కిస్తున్నారు. దీనికంతటికీ ఇంధనం కావలెను. అందులో అధికభాగం నేలలోనుండి తీసిన చమురు, వాయువులే. మిగిలిన చిక్కని ఉప్పునీరు మరల ఆ సముద్రంలోకే పోతుంది. పర్షియా సింధుశాఖ సగటు లోతు సుమారు 35 మీటర్లు. హోర్ముజ్ అనే ఇరుకుదారి తప్ప బయటి సముద్రంతో దానికి సంబంధం లేదు.

1991 యుద్ధంలో ఆ జలాలలోకి చమురు వరదవలె వదలబడినప్పుడు, సౌదీలోని జుబైల్‌లో నీటి కర్మాగారం నోటికి అడ్డుకట్టలు వేసి తెట్టును ఆపవలసి వచ్చినది. తీరదేశాలన్నీ ఆనాడు ఒక లెక్క వేసుకొన్నవి: సముద్రం చెడినా, యంత్రం ఆగినా నగరంలో ఎన్ని రోజుల నీరు ఉన్నది? ఖతర్ ప్రపంచంలోని అతిపెద్ద కాంక్రీటు తొట్లు కొన్నిటిని నేలలో కట్టి 2018 డిసెంబరులో వాటిని ప్రారంభించినది. తలసరి ఆదాయంలో ప్రపంచపు అగ్రశ్రేణిన నిలిచిన ఆ దేశం, అంత వ్యయంతో నిలవ చేయదలచిన నీరు ఏడు రోజులకు సరిపడేది.